లోకస్ట్ వీధి కింద మట్టి ఎవరిది

మొదటి నుంచీ వెంట నడుస్తున్నవారు ఈ పేరా దాటేసి ముందుకు వెళ్ళవచ్చు. కొత్తగా చేరినవారికి నాలుగు మాటలు. ఇల్లినాయ్ నది ఒడ్డున కెల్లర్స్‌బెండ్ అనే చిన్న ఊరు. అక్కడ ఫోర్త్ వీధీ లోకస్ట్ వీధీ కలిసే మూల మీద ఓపల్ జెలింకా భర్త మైలో ముప్ఫై ఏళ్ళు పెట్రోలు బంకు నడిపాడు. బంకు మూతపడింది, మైలో పోయాడు. ఆ స్థలాన్ని బేకరీ పెట్టుకుంటామన్న ఒక కుర్రజంటకు అమ్ముదామని ఓపల్ అనుకునేసరికి, పక్కనున్న రోడ్డు కింద మట్టిలో పెట్రోలు ఇంకి ఉందని పరీక్షల్లో తేలింది. రోడ్డంతా పెకలించి ఆ మట్టి తీయడం ఎవరి తరమూ కాదు. అందుకని రోడ్డునే ఆ మట్టి మీద మూతగా ఉంచుతామనీ, అక్కడ ఇక ఎవరినీ తవ్వనివ్వమనీ నగరం ఆమెతో ఒప్పందం రాసుకోవాలి. అప్పుడుగానీ స్థలానికి ఏ దోషమూ లేదన్న ఉత్తరం రాష్ట్రం నుంచి రాదు. ఒప్పందం సిద్ధమైంది. కాకపోతే అందులో ఒక షరతు ఉంది. ఆ పాడు మట్టి మైలో బంకు నుంచే వచ్చిందని ఓపల్ ఒప్పుకుని సంతకం చేయాలి. శుక్రవారం పొద్దున పదకొండింటికి కౌన్సిల్ సమావేశం. ఈలోగా వీధుల శాఖ సూపరింటెండెంటు మావిస్ హెండ్రిక్స్‌కు నేలమాళిగలో ఒక పాత పటం కనిపించింది. అందులో లోకస్ట్ వీధి నడిమధ్యన, ఏమిటో ఎవరిదో రాయని ఒక గుండ్రటి గీత ఉంది. శుక్రవారం ఏడు కొట్టేసరికి మావిస్ వీధికి అడ్డంగా నారింజ రంగు కోన్లు పెట్టించింది. సరిగ్గా అప్పుడే మేయర్ ఎర్ర ట్రక్కు మూల తిరిగింది.

*

గ్లెన్ ప్రిట్చెట్ ఇంజను ఆపకుండానే దిగాడు. మేయరై రెండో విడత నడుస్తున్నా, మావిస్ కంటికి అతను ఇంకా హైస్కూలు బ్యాండులో తన వెనక నిలబడి డ్రమ్ము తప్పు వాయించిన గ్లెన్నే. అతనికీ ఆమె అంతే.

"ఏంటిది మావిస్?"

"నీళ్ళ వాల్వు. మూడేళ్ళ నుంచి తిరగడం లేదు. బాగుచేయమని పోయిన ఆగస్టులో నువ్వే సంతకం పెట్టావు."

"ఆగస్టులో పెడితే ఇవాళ గుర్తొచ్చిందా?"

"పైపుల గుర్తులు వేసేవాళ్ళకి సోమవారమే ఫోన్ చేశాను. నిన్న వచ్చి రంగులు కొట్టి వెళ్ళారు. కావాలంటే చూసుకో."

రోడ్డు మీద నీళ్ళ పైపుకు నీలం గీత, గ్యాసు పైపుకు పసుపు గీత తళతళలాడుతున్నాయి. గ్లెన్ వాటికేసి చూసి, పక్కనే జేసీబీ ఎక్కి కూర్చున్న ఆర్లో బిగ్స్‌కేసి చూసి, మళ్ళీ మావిస్‌కేసి చూశాడు.

"వాల్వుకి ఎంత మేర కావాలి?"

"అటు ఆరడుగులు, ఇటు ఆరడుగులు."

"దానికి ఒక్క అడుగు మించావో, నాకూ నీకూ చెడుతుంది. ముందే చెబుతున్నా. పదకొండింటికి సంతకాలు. ఆ పెద్దావిడ ఏడాది నుంచి ఈ కాగితం కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది. దాన్ని నువ్వు చెడగొడితే, వెళ్ళి ఆవిడ మొహం నువ్వే చూడు."

ట్రక్కు వెళ్ళిపోయింది. ఆ చివరి మాట మాత్రం మావిస్ గుండెలో ముల్లులా దిగింది. అందులో అబద్ధం ఏముంది? బేకరీ జంట వేసవంతా ఆగారు. ఇంకో ఊళ్ళో ఇంకో కొట్టు చూసుకున్నామని చెప్పి, సోమవారం దాకా గడువు ఇచ్చారు. పటం మీద గీసిన ఒక గుండ్రటి గీతను నమ్ముకుని ఇవాళ తను ఇదంతా అటకెక్కిస్తే? ఆ గీత పాత మురుగు గొయ్యో, డ్రాయింగు గుమాస్తా పెట్టిన కాఫీ కప్పు మరకో అయితే?

మావిస్ ఈ శాఖలో చేరి ఇరవై ఏడేళ్ళయింది. ఊరందరూ ఊరిని పైనుంచి ఎరుగుదురు. ఆమె కిందనుంచి ఎరుగును. ఏ వీధి కింద ఏ కాలపు పైపు ఉందో, ఏ మలుపు దగ్గర మట్టి వదులో, ఎక్కడ ఊట తగులుతుందో ఆమెకు అరచేతిలో గీతల్లా తెలుసు. అటువంటి మనిషికి, తను రోజూ నడిచే వీధి కింద తనకు తెలియనిది ఒకటుందంటే నాలుగు రోజుల నుంచి కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

"ఏమంటున్నాడు?" పైనుంచి ఆర్లో అడిగాడు.

"ఒక్క అడుగు మించొద్దంటున్నాడు."

"నేను ముగ్గురు మేయర్లతోటీ ఇద్దరు భార్యలతోటీ వేగాను బాస్. తవ్వొద్దన్నారంటే అక్కడేదో ఉన్నట్టే. ఐదుగురి దగ్గరా అదే నేర్చుకున్నా."

"నోరు మూసుకుని బకెట్టు దించు."

"దించుతున్నా. నోరు మాత్రం నా చేతిలో లేదు."

*

ముందు తారు లేచింది. దాని కింద ఎర్ర ఇటుక, వాళ్ళ తాతలు పరిచిన పాత వీధి. ఇటుక కింద ఇసుక, ఇసుక కింద పసుపుపచ్చ బంకమన్ను. నాలుగడుగుల లోతుకు వచ్చేసరికి బంకమన్ను రంగు మారి బూడిదగా, దాని మీద ఆకుపచ్చ పొరగా కనిపించింది. వాసన గుప్పుమంది. ఆర్లో ముక్కు చిట్లించి బకెట్టును గాలిలోనే ఆపాడు.

"ఇది మీకు తెలిసిన వాసనే," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఓపల్ జెలింకా. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, ఒక చేతిలో మడత కుర్చీ, ఇంకో చేతిలో ఫ్లాస్కు, భుజాన గుడ్డసంచీ. సమావేశం కోసం వేసుకున్న నీలం గౌను, కాళ్ళకు మాత్రం తోటపని బూట్లు. కోన్లకు ఇవతల కాలిబాట మీద కుర్చీ వేసుకుని, కుర్చీ కాళ్ళు కుదురుకున్నాయో లేదో రెండుసార్లు నొక్కి చూసి కూర్చుంది.

"మీరు ఇక్కడెందుకండీ?" మావిస్ దగ్గరకు వెళ్ళింది. "ఈ వాసన పీల్చడం మంచిది కాదు."

"ముప్ఫై ఏళ్ళు ఈ వాసనతోనే కాపురం చేశానమ్మాయ్. మైలో చొక్కాలకి ఉతికినా పోయేది కాదు." సంచీలోంచి గసగసాలు కూరిన కోలాచీ రొట్టెలున్న డబ్బా తీసి మావిస్ చేతిలో పెట్టింది. "పదకొండింటికి మా ఆయన పేరు మట్టిలో కలుపుతారు కదా. అందాకా ఇంట్లో కూర్చుని గోడలు చూడమంటావా? తిను. ఆ జేసీబీ అతనికీ ఇవ్వు."

 తను ఇక్కడ ఏం వెతుకుతోందో మావిస్ ఓపల్‌కు చెప్పలేదు. ఆశపెట్టి చివరికి ఏమీ లేదని చెప్పవలసివస్తే ఎలా అన్న భయం.

"మీరు సంతకం చేస్తారా?" అని మాత్రం అడిగింది.

"చేయక? ఆ పిల్లలు పొయ్యిలు కూడా కొనేసుకున్నారట." ఓపల్ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంది కానీ తాగలేదు. "నీకు తెలుసో లేదో, మైలో రోజూ పొద్దున్నే లేచి ట్యాంకులో కర్ర ముంచి కొలిచేవాడు. కర్ర మీద తడి గోరంత తగ్గినా ఆయనకి కాఫీ దిగేది కాదు. ట్యాంకు కారుతోందేమో, పక్కింటివాళ్ళ బావిలోకి పోతుందేమో అని. ఎప్పుడూ కారలేదు. బంకు మూసినప్పుడు ట్యాంకులు పైకి తీశారు కదా, ఒక్క చిల్లు లేదు. నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఈ పరీక్షల వాళ్ళొచ్చి, రోడ్డు కింద ఉన్నదంతా మీదేనంటే... ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. ఆయన నా దగ్గర ఏదైనా దాచాడేమోనని. యాభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని అనుమానించేలా చేశారు చూడు, అదీ నాకు కష్టం."

మావిస్ కోలాచీని అలాగే పట్టుకుని గోతి దగ్గరకు వచ్చింది. గడియారంలో తొమ్మిది దాటి పది నిమిషాలైంది. కింద వాల్వు నెత్తి బయటపడింది. మేయర్‌కు చెప్పిన పని ఇంతటితో అయిపోయినట్టే. పటంలో ఉన్న గుండ్రటి గీత ఈ గోతి అంచుకు ఉత్తరంగా సరిగ్గా నాలుగడుగులు.

ఆమె ఆర్లోకేసి చూసింది. ఆర్లో ఆమెకేసి చూశాడు. 

"గోడ నిటారుగా ఉంది," అంది మావిస్ పైకి వినబడేలా. "మనిషి దిగితే కూలుతుంది. ఉత్తరం వైపు వాలుగా కొట్టు."

"ఎంత వాలు?"

"ఐదడుగులు."

ఆర్లో మీసాల్లో నవ్వుకున్నాడు. బకెట్టు తిరిగింది. మొదటి పట్టు మట్టి. రెండో పట్టు మట్టి. మూడోది కూడా మట్టే.  నాలుగోసారి బకెట్టు పళ్ళు దేన్నో గీరాయి. రాయి మీద గీరితే కరకరమంటుంది, పైపు మీద గీరితే కీచుమంటుంది. ఇది ఆ రెండూ కాదు. అడుగున ఎక్కడో పెద్ద డోలు మీద ఒక్క దెబ్బ వేసినట్టు, లోపల బోలుగా, బరువుగా మోగింది.

"ఆపు."

చెప్పకముందే ఆర్లో ఇంజను ఆపేశాడు. వీధంతా నిశ్శబ్దమైంది. కాలిబాట మీద ఓపల్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

మావిస్ గాలి కొలిచే మీటరు గోతిలోకి దించి చూసుకుని, అగ్నిమాపక దళానికి ఫోన్ చేసి ఒక బండి పంపమంది. వాళ్ళు వచ్చి పైపు పరిచి సరేనన్నాక, తనే పార పట్టుకుని నిచ్చెన దిగింది. ఆర్లో రెండో పారతో వెనకే దిగాడు. యంత్రంతో ఇక లాభం లేదు, చేత్తో తీయవలసిందే. పావుగంటలో నల్లటి ఇనుప వీపు ఒకటి బయటపడింది. గుండ్రంగా, వరుసగా కొట్టిన పాత మేకులతో, నేలలో పడుకున్న గేదెంత ఉంది.

"ట్యాంకు," అన్నాడు ఆర్లో. చాలాసేపటికి అతని నోట వచ్చిన మొదటి మాట అదే. "రోడ్డు నడిబొడ్డున ట్యాంకేంటి బాస్?"

మావిస్ మోకాళ్ళ మీద కూర్చుని చేతి తొడుగులతో మట్టి తుడుస్తోంది. మూత దగ్గర చేతికి బల్లపరుపుగా ఏదో తగిలింది. ఇత్తడి రేకు. జేబులోని గుడ్డతో రుద్దింది. అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. నగరం పేరు వచ్చింది. దాని కింద 1938 అన్న సంవత్సరం. ఆ రెండింటి మధ్యనున్న వరుసను ఆమె ఇంకాస్త గట్టిగా రుద్దింది.

వీధుల శాఖ.

తన శాఖ. తన టోపీ మీద కుట్టి ఉన్న పేరు.

ఆమె అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఒక్క క్షణం సంతోషం, మరుక్షణం సిగ్గు, ఏది ముందో తెలియకుండా రెండూ కలిసి ముంచెత్తాయి. లైబ్రరీ పార్కింగు ఉన్నచోట ఒకప్పుడు నగరం ట్రక్కుల షెడ్డు ఉండేదని ఆమె విన్నది. ఆ ట్రక్కులకు పెట్రోలు ఇక్కడి నుంచే పోసేవారన్నమాట. షెడ్డు పోయింది, కాగితాలు పోయాయి, ట్యాంకు మాత్రం పోలేదు. అడుగున తుప్పు పట్టి, ఎన్నేళ్ళుగానో చుట్టూ మట్టిని తడుపుతూ ఉండిపోయింది. ట్యాంకు చివరి నుంచి ఒక ఇనుప గొట్టం బయలుదేరి పోతోంది. ఓపల్ మూలకేసి కాదు. దానికి పూర్తిగా ఎదురు దిక్కున, ఉత్తరానికి.

"మావిస్," పైనుంచి ఓపల్ పిలిచింది. గోతి అంచుకు వచ్చేసింది, ఫైర్ మనిషి ఒకడు ఆమె మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. "అది ఎవరిది?"

మావిస్ తలెత్తింది. "మాదండీ. నగరానిది."

 ఓపల్ మెల్లగా ఫైర్ మనిషి చెయ్యి విడిపించుకుని, కాలిబాట మీదికి నడిచి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. తిరిగి వచ్చినప్పుడు ముఖం తుడుచుకుని ఉంది.

"టైమెంత?"

"పదిన్నర దాటింది."

"అయితే ఆ రేకు ఊడబీకి నాకివ్వు. నడిచి వెళ్ళాలంటే నాకు పావుగంట పడుతుంది."

*

కౌన్సిల్ గదిలో పొడుగు బల్ల వెనక ఆరుగురు సభ్యులు, మధ్యలో గ్లెన్, పక్కన సిటీ లాయరు నోరీన్ కాస్. నోరీన్ ముందు పదకొండు పేజీల ఒప్పందం రెండు ప్రతులు, వాటి మీద రెండు పెన్నులు పేర్చి ఉన్నాయి. ఓపల్ తోటపని బూట్లతో, మావిస్ మోకాళ్ళ దాకా బంకమన్నుతో లోపలికి వచ్చేసరికి ఒక సభ్యుడు కార్పెట్టుకేసి చూసి నిట్టూర్చాడు.

"రండి ఓపల్," అన్నాడు గ్లెన్ లేచి. "కూర్చోండి. ఐదు నిమిషాల పని."

"ఐదు నిమిషాల్లో తేలేలా లేదు గ్లెన్." ఓపల్ గుడ్డసంచీలోంచి ఇత్తడి రేకు తీసి, అతని ముందు పెట్టింది. మట్టి రాలి ఒప్పందం మొదటి పేజీ మీద పడింది. "ఇది చదివి పెట్టు. నా కళ్ళజోడుకు మరకలు పడ్డాయి."

గ్లెన్ దాన్ని ముట్టుకోలేదు. చదివాడని మాత్రం అతని చెవులు ఎర్రబడడం చూసి తెలిసింది. నోరీన్ ముందుకు వంగి దాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఎక్కడిది?"

"లోకస్ట్ వీధి కింద ఆరడుగుల లోతున ఉన్న ట్యాంకు మీది," అంది మావిస్. గొంతు తను అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. "పరీక్షల్లో అన్నిటికంటే ఎక్కువ పెట్రోలు తేలింది ఏ బోరులోనో మీకు గుర్తుందా? మట్టి తీసి చూడడానికి వేసిన మూడో బోరు. ఈ ట్యాంకు దానికి ఐదడుగుల దూరంలో ఉంది. ఓపల్‌గారి మూల నలభై అడుగుల దూరం. కాగితంలో రాసినట్టు పెట్రోలు ఆవిడ దగ్గర్నుంచి రోడ్డు కిందికి రాలేదు. రోడ్డు కింద నుంచే ఆవిడ దగ్గరికి వెళ్ళింది."

సభ్యులందరూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. గ్లెన్ చెయ్యెత్తాడు.

"వాల్వుకి ఆరడుగులు అన్నాను."

"అవును."

"మించావు."

"మించాను. ఉద్యోగం కావాలంటే తీసుకో. అది తర్వాత సంగతి. ముందు ఈవిడ సంగతి తేల్చు."

"నా మాట ఒకటి," అంది నోరీన్. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు, అందుకే అందరూ ఆగారు. "మట్టి మైలో బంకుది అన్న షరతు నేను రాసిందే. అప్పుడు తెలిసినదాన్ని బట్టి రాశాను. ఇప్పుడు అది నిజం కాదని ఈ గదిలో అందరికీ తెలుసు. తెలిసి తెలిసి ఈవిడ చేత సంతకం పెట్టిస్తే, రేపు కోర్టులో నేను మీ పక్కన నిలబడను. ఎదురుగా నిలబడతానేమో కూడా చెప్పలేను."

ఓపల్ బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

"నాకు కోర్టులూ వద్దు, ఏమీ వద్దు. ఒక్కటే అడుగుతున్నా. ఆ కాగితంలో మైలో పేరు ఎన్నిచోట్ల ఉంది నోరీన్?"

నోరీన్ పేజీలు తిప్పింది. "తొమ్మిది."

"తొమ్మిది చోట్లా కొట్టెయ్యి. కొట్టేసినచోట ఎవరి పేరు రాయాలో మీకు తెలుసు. ఆయన చనిపోయే ముందు హాస్పిటల్లో ఎవరో మూల మీద ట్యాంకులు కారాయంటే, లేచి బట్టలు వేసుకుని వెళ్ళి చూసొస్తానన్నాడు. కాళ్ళు ఆడవు ఆయనకి అప్పటికి. లేవలేని మనిషి. ఆయన మీద వేశారు మీరు ఇది."

 కార్పెట్టుకేసి చూసి నిట్టూర్చిన సభ్యుడే ముందుగా చెయ్యెత్తాడు. "షరతు తీసేయాలని నా ప్రతిపాదన." ఇంకొకావిడ బలపరిచింది. మావిస్ గ్లెన్‌కేసి చూసింది. అతను అడ్డుపడతాడని, నగరం నెత్తిన ఇంత బరువు ఎలా వేసుకుంటామని వాదిస్తాడని ఆమె ఎదురుచూస్తోంది. ఏ మాటకు ఏ మాట చెప్పాలో దారంతా లెక్కవేసుకుంటూ వచ్చింది.

"న్యాయమే," అన్నాడు గ్లెన్. "తీసేద్దాం. మట్టి నగరానిదేనని రాద్దాం. బేకరీ వాళ్ళ మీద గానీ ఓపల్ మీద గానీ ఎప్పటికీ ఏ భారమూ పడదని కూడా కలపండి. ఓటు."

ఆరు చేతులూ లేచాయి. మావిస్ కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గెలిచారు. నాలుగు రోజుల భయమంతా ఒక్క నిమిషంలో తేలికైపోయింది. ఓపల్ ఆమె మట్టి చేతిని పట్టుకుని నొక్కింది, ఆ వయసు మనిషికి అంత బలం ఎక్కడిదో.

నోరీన్ అక్కడికక్కడే తొమ్మిది పేర్లూ కొట్టి, కొత్త వాక్యాలు చేత్తో రాసి, పక్కన పొట్టి సంతకాలు పెట్టించింది. గ్లెన్ తన ప్రతి మీద చకచకా సంతకం చేసి పెన్ను ఓపల్ వైపు జరిపాడు.

"మావిస్, నువ్వు వెళ్ళి గొయ్యి పూడ్పించు. మధ్యాహ్నానికి తారు పడిపోవాలి."

"ముందు ట్యాంకు తీయొద్దా?"

"ఎనభై ఏళ్ళు ఉన్నది ఇంకో ఎనభై ఏళ్ళు ఉంటుంది. ఈ ఒప్పందం ఎందుకు మరి? మూత వేసి ఉంచడానికేగా. సంతకం పడిందంటే అక్కడ ఇంకెవరూ తవ్వడానికి లేదు. చెయ్యండి ఓపల్, పిల్లలు ఎదురుచూస్తున్నారు."

అతని గొంతు మెత్తగానే ఉంది. పెన్ను జరిపిన వేళ్ళు మాత్రం బల్ల మీద ఊరికే ఉండలేక ఏదో తాళం వేస్తున్నాయి. అది తప్పు తాళమని మావిస్‌కు తెలుస్తూనే ఉంది. గెలిచిన సంతోషంలో ఒక మూల ఏదో చల్లగా తగిలింది. ఇంత సులువుగా ఎందుకిచ్చాడు?

ఓపల్ పెన్ను తీసుకుంది. కళ్ళజోడు గౌను అంచుతో తుడుచుకుని పెట్టుకుంది. సంతకం చోటు వెతకకుండా మొదటి పేజీ తన ముందుకు లాక్కుంది.

"అంతా మీకు తెలిసిందే కదండీ," అన్నాడు గ్లెన్.

"పదకొండు పేజీలూ చదవకుండా నేను సంతకం పెట్టను. అడ్డం లేకుండా కాస్త పక్కకి జరుగు, వెలుతురు పడటం లేదు."

ఆమె వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుతోంది. మొదటి పేజీ. రెండోది.  మూడో పేజీలో ఒక మాట అర్థం కాక నోరీన్‌ను అడిగి తెలుసుకుంది. నాలుగో పేజీ తిప్పుతుండగా మావిస్ నడుముకున్న వాకీటాకీ గరగరమంది.

"బాస్. బాస్, ఉన్నావా?"

ఆర్లో గొంతు. ఎప్పుడూ ఉండే వెటకారం అందులో లేదు.

"చెప్పు."

"ఫైర్ వాళ్ళు మళ్ళీ గాలి చూసి సరేనన్నారు, మూత తీశాం. ఖాళీగా ఉంటుందనుకున్నా. కర్ర ముంచితే ఇరవై ఒక్క అంగుళాలు తడిసింది."

"పాత పెట్రోలు మిగిలి ఉంటుంది."

"పెట్రోలు కాదు. ఈ వాసన నేనెప్పుడూ పీల్చలేదు, కళ్ళు మండుతున్నాయి. ఇంకోటి చెబుతా విను. నమ్మకం కుదరక పావుగంటాగి మళ్ళీ ముంచా. ఇరవై మూడున్నర."

గదిలో ఓపల్ వేలు నాలుగో పేజీ మీద ఆగిపోయింది.

"తప్పు కొలిచి ఉంటావు," అంది మావిస్. ఆ మాట అంటూనే అది నిజం కాదని ఆమెకు తెలుసు.

"కొలత తప్పుతుందేమో బాస్, చెవులు తప్పవు. నేను ట్యాంకు మీద చెవి పెట్టి ఉన్నా. లోపల ధార పడుతోంది. ఉత్తరం గొట్టంలోంచి. ఎవరో అవతల నుంచి పోస్తున్నారు. ఇప్పుడు. ఈ నిమిషాన."

 నోరీన్ మావిస్‌కేసి చూసింది. సభ్యులు ఒకరికేసి ఒకరు చూసుకున్నారు. ఆ గొట్టం ఎక్కడికి పోతుందని అందరి కళ్ళలోనూ ఒకే ప్రశ్న.

గ్లెన్ ప్రిట్చెట్ మాత్రం ఎవరికేసీ చూడలేదు, ఏమీ అడగలేదు. కోటు జేబులోంచి ఫోను తీశాడు. నంబరు వెతుక్కోలేదు, బొటనవేలు తనంతట తానే నొక్కింది. కుర్చీ వెనక్కి తిప్పి, అందరికీ వీపు పెట్టి, ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఆపెయ్."

మావిస్ వాకీటాకీ చెవి దగ్గరే పట్టుకుని ఉంది. ఐదు సెకన్లు గడిచాయి. పది.

"బాస్," అన్నాడు ఆర్లో. "ఆగిపోయింది."